మీరడిగారు: అటక మీది వారపత్రికలు

ప్రశ్న: అమ్మ వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చింపి బైండు చేయించిన పుస్తకాలు పది దాకా అటక మీదున్నాయి. అంచులు పొడిగా రాలుతున్నాయి. మళ్ళీ బైండింగ్ చేయించమంటారా? (పాఠకురాలు, కావలి)

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. ముందు ఒక పేజీ మూలను మెల్లగా మడిచి, విప్పి, మళ్ళీ మడవండి. రెండో మడతకే విరిగితే ఆ కాగితం కుట్టుకు ఆగదు. పైగా బైండరు అంచులు సమం చేయడానికి మళ్ళీ కోస్తే పేజీ నెంబర్లు, చివరి అక్షరాలు పోతాయి.

న్యూస్‌ప్రింటు కలపను నూరి చేసిన కాగితం. అందులో మిగిలే లిగ్నిన్ (కలప నారను అతికించి ఉంచే పదార్థం) గాలికీ వెలుతురుకీ పసుపెక్కుతుంది, పుట్టిన ఆమ్లం నారను తినేస్తుంది. అటక వేడికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో పడే వానలకు చెమ్మ చేరి పిన్నులు తుప్పెక్కుతాయి. చుట్టూ కాగితం గోధుమరంగు మచ్చయి ఊడిపోతుంది. అందుకే ముందు పుస్తకాలు కిందికి దించి, గోడకు తగలని బీరువాలో పడుకోబెట్టండి.

పిన్నును ముందునుంచి లాగొద్దు. వెనక్కి తిప్పి, మొద్దు చాకుతో రెండు కాళ్ళూ నిటారుగా లేపాకే తీయండి. అవే రంధ్రాల్లో నూలు దారం వదులుగా కట్టండి. చిరుగులకు సెల్లోటేపు వేస్తే కొన్నేళ్ళకు జిగురు కాగితంలోకి ఇంకి, అక్షరాల మీద గోధుమరంగు పట్టీ మిగులుతుంది. లామినేషన్ అసలే వద్దు, ఆ ప్లాస్టిక్ మళ్ళీ ఊడిరాదు. పురుగు కనబడితే కాగితాలను గాలి తీసిన పాలిథిన్ కవర్లో పెట్టి, డీప్ ఫ్రీజర్లో రెండు వారాలుంచండి. తీశాక ఒక రోజంతా కవరు విప్పకండి, విప్పితే చల్లటి కాగితానికి నీరు పడుతుంది.

ఈలోగా ప్రతి పేజీకీ ఫోన్లో ఫొటో తీయండి. వెనక పేజీ అచ్చు కనబడకుండా కింద నల్ల కాగితం పెట్టాలి. ఫ్లాష్ వద్దు, ఉదయం కిటికీ వెలుతురు చాలు. స్కానరైతే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) పెట్టండి. చింపిన కాగితాల మీద తేదీ ఉండదు కదా, అమ్మగారికి గుర్తున్న పత్రిక పేరు, సంవత్సరం ఇప్పుడే అడిగి పెన్సిల్‌తో రాయండి.

ప్రశ్న: ఇన్ని పత్రికలు ఎందుకు ఆగిపోయాయి? (పాఠకుడు, ఒంగోలు)

జవాబు: ముఖచిత్రం మీది ధరతో పత్రిక ఎప్పుడూ గట్టెక్కదు. అందులోంచి ఏజెంటు కమీషను పోవాలి, అమ్ముడుకాని కాపీలు తిరిగొస్తాయి. లోటు పూడ్చింది ప్రకటనలే, అవి టీవీకి, తర్వాత ఫోనుకు వెళ్ళిపోయాయి. సినిమా స్టిల్ కోసం శుక్రవారం దాకా ఆగే పాఠకుడూ లేడు. 1947 జూలైలో మొదలైన చందమామే ఆగింది. 1978లో పుట్టిన విపుల, చతుర కూడా అచ్చు మానేశాయి. 2020 లాక్‌డౌన్‌లో బస్సులు, రైళ్ళు ఆగి కట్టలు అందక, చాలా ఇళ్ళలో పత్రిక అలవాటే తప్పింది.

ప్రశ్న: స్కాన్ చేసినవి నెట్లో పెట్టొచ్చా? (పాఠకుడు, నెల్లూరు)

జవాబు: మీరు చదువుకోవడానికి దాచుకోండి. కథ, సీరియల్ మీద హక్కు రచయిత చనిపోయాక 60 ఏళ్ళ దాకా ఉంటుంది, వారసుల అనుమతి లేకుండా పెట్టకూడదు. పూర్తి సంచికలు మీ దగ్గరుంటే పాత కాగితాలవాడికి వేయకండి. 1918లో పెట్టిన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికల నిల్వ ఉంది. వాళ్ళకు ఏ సంచికలు కావాలో ముందు అడిగి, జాబితా రాసుకుని వెళ్ళండి.