బోనులో నిలబడ్డది మనిషి కాకపోతే

ప్రశ్న: సైన్స్ ఫిక్షన్‌లో గ్రహాంతరవాసుల కోర్టు అంటే ఎత్తైన పీఠం మీద న్యాయమూర్తి, కింద బోనులో ముద్దాయి, చుట్టూ కేకలు వేసే జనం. శరీరాలు, భాషలు, లోకాలు వేరైనప్పుడు కోర్టు మాత్రం మనదిలాగే ఎందుకుంటుంది? ఇది రచయితల బద్ధకమేనా?

జవాబు: కొంతవరకు బద్ధకమే. అయితే అన్ని కథలనూ ఒకే గాటన కట్టెయ్యడం న్యాయం కాదు. కొందరు రచయితలు మన కోర్టుల్లో అలవాటు వల్ల కంటికి ఆనకుండా పోయిన లోపాన్ని పెద్దది చేసి చూపించడానికే వేరే లోకపు కోర్టును కడతారు. అటువంటప్పుడు పీఠమూ బోనూ మనవిలాగే ఉండాలి, లేకపోతే పోలిక అందదు.

1994లో ప్రసారమైన ‘స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్’ ధారావాహికలోని ‘ట్రిబ్యునల్’ అనే భాగం ఇందుకు మంచి ఉదాహరణ. అందులో కార్డాసియన్లు అనే గ్రహాంతర జాతి కోర్టులో తీర్పూ, మరణశిక్షా, దానిని అమలు చేసే తేదీ ముందే ఖరారై ఉంటాయి. విచారణ ఆ తరువాత మొదలవుతుంది. సెలవు మీద బయలుదేరిన ఓబ్రయన్ అనే మనిషిని దారిలో పట్టుకుపోయి, అతని మీద మోపిన నేరమేమిటో కూడా చెప్పకుండా విచారణకు నిలబెడతారు. అతని తరఫున నియమితుడైన వృద్ధ వకీలు కోవాట్‌కు ముద్దాయిని విడిపించే ఉద్దేశం ఏ కోశానా లేదు. రాజ్యం చేసింది సరైనదేనని ముద్దాయి నోట పలికించి, ప్రసారంలో చూస్తున్న ప్రజల మనసులు కుదుటపరచడమే అతని వృత్తి. ఊహించని మనిషి ఒకడు కోర్టులో ప్రత్యక్షం కావడంతో న్యాయాధికారిణి పరువు నిలుపుకోవడానికి ముద్దాయిని వదిలేస్తుంది. కేసు గెలిచిన కోవాట్ మాత్రం సంతోషించడు. తన ప్రాణం ఇక దక్కదని హడలిపోతాడు. ఆ సమాజాన్ని గురించి ఎన్ని పేజీలు వర్ణించినా ఆ ఒక్క భయం చెప్పినంత చెప్పలేవని నా అభిప్రాయం.

రెండవ రకం రచయితలు అరుదు. వాళ్లు ఆ జీవుల శరీరం నుంచి, సంతానాన్ని పెంచే పద్ధతి నుంచి చట్టాన్ని పుట్టిస్తారు. 1977లో వచ్చిన ఫ్రాంక్ హెర్బర్ట్ నవల ‘ది డొసాడీ ఎక్స్‌పెరిమెంట్’లోని గోవాచిన్లు కప్పలను పోలిన జీవులు. వాళ్ల పిల్లలు నీటిలో పుట్టి ఈదుతున్న దశలోనే బలహీనమైనవాటిని తండ్రి ఏరివేస్తాడు, తప్పించుకోగలిగినవే బతుకుతాయి. అలా వడపోతలో మిగిలిన జాతి కట్టుకున్న కోర్టు కూడా ఒక వడపోతే. అది పోరాట రంగస్థలం. అక్కడ ఓడిన వకీలు ప్రాణం పోగొట్టుకోవచ్చు, న్యాయమూర్తికి కూడా రక్షణ లేదు. అక్కడ వాదించే అర్హత సంపాదించిన మెకీ అనే మనిషి ఈ కోర్టులోకి అడుగుపెట్టేసరికి, వాళ్లది క్రూరత్వమా లేక మనకన్నా నిజాయితీగా చట్టాన్ని పట్టించుకోవడమా అన్నది పాఠకుడికి తేలదు. వాదించేవాడి ప్రాణమే పణమైనప్పుడు వాయిదాల మీద వాయిదాలు అడిగేవాడు ఎవడుంటాడు? హెర్బర్ట్ ఈ నవలలో చాలాచోట్ల అనవసరంగా తికమక పెడతాడన్న మాట నిజమే, కానీ ఆ కోర్టు ఘట్టం కోసం ఓపిక పట్టవచ్చు.

ప్రశ్న: ఎదుటివారి మనసును నేరుగా చదవగలిగే జాతికి విచారణ ఎందుకు? నిజం తెలిసిపోతుంది కదా, ఇక సాక్షులతోనూ వకీళ్లతోనూ పనేముంది?

జవాబు: ఏం జరిగిందో తెలియడం విచారణలో సగం పని మాత్రమే. జరిగినది నేరమా, నేరమైతే ఎవరిది అన్న మిగతా సగం అలాగే ఉండిపోతుంది. ‘స్టార్ ట్రెక్: వాయేజర్’లో 1997 నాటి ‘ర్యాండమ్ థాట్స్’ అనే భాగం ఈ సగాన్నే పట్టుకుంది. మారీ అనే జాతి వారందరూ పరస్పరం ఆలోచనలను గ్రహించగలరు గనుక, వాళ్ల చట్టంలో హింసాత్మకమైన ఆలోచనే నేరం. వాయేజర్ ఓడ నుంచి దిగిన టోరెస్ అనే ఉద్యోగినిని సంతలో ఒకడు ఢీకొంటాడు. ఆమెకు క్షణకాలం కోపం వస్తుంది. ఆ కోపం అతని మనసుకు సోకి, అతను మరొకరిని చావబాదుతాడు. పోలీసులు అరెస్టు చేసింది ఆమెను. శిక్ష ఏమిటంటే, ఆ ఆలోచనను ఆమె మెదడులోంచి తుడిచివేయడం.

నవ్వి పక్కన పెట్టగలిగిన చట్టం కాదిది. ఆలోచన ఒక తలలోంచి మరో తలలోకి పాకే చోట కోపం తెచ్చుకోవడం మంట అంటించడంతో సమానం కావచ్చు. మనసులో ఏమనుకున్నా చేతల్లో పెట్టనంతవరకు నేరం లేదని మనం అంటున్నామంటే, మనిషి మనసు మరొకరికి కనిపించదు గనుక అంటున్నాము. ఆ అడ్డుగోడ లేని జాతికి మన సూత్రాన్ని అప్పగించి పాటించమంటే, వాళ్లకు అది అర్థం కాకపోవడంలో వింత లేదు. కథ చివరికి హింసాత్మక ఆలోచనలను రహస్యంగా అమ్ముకునే వ్యాపారి ఒకడు బయటపడతాడు. అంటే, నేరమని నిషేధించిన వస్తువుకు అక్కడా దొంగ బజారు పుట్టింది.

చెరగని రికార్డు ఉన్నంత మాత్రాన కూడా పని పూర్తికాదు. 1986లో 14 భాగాలుగా ప్రసారమైన ‘డాక్టర్ హూ’ ధారావాహికలోని ‘ది ట్రయల్ ఆఫ్ ఎ టైమ్ లార్డ్’లో కాలంలో ప్రయాణించే టైమ్ లార్డులు అనే జాతి సమస్త జ్ఞానాన్నీ భద్రపరచే మేట్రిక్స్ నుంచే సాక్ష్యాన్ని కోర్టులో తెర మీద చూపిస్తారు. ఆ సాక్ష్యాన్ని తారుమారు చేశారని ముద్దాయి మొరపెట్టుకుంటే, మేట్రిక్స్‌ను మార్చడం సాధ్యమే కాదన్నది కోర్టు నమ్మకం. తీరా చూస్తే మార్చారు. శంకించడానికి వీల్లేని సాక్ష్యం ఎవరి చేతిలో ఉంటే తీర్పు వారి చేతిలోనే ఉంటుంది.

ప్రశ్న: కొన్ని కథల్లో ఒకే స్పృహ అనేక శరీరాలు మారుతూ జీవిస్తుంది. పాత శరీరంలో ఉండగా చేసిన హత్యకు కొత్త శరీరాన్ని శిక్షించవచ్చా?

జవాబు: ‘డీప్ స్పేస్ నైన్’లో 1993 నాటి ‘డాక్స్’ అనే భాగం ఈ ప్రశ్న మీదే నడుస్తుంది. ట్రిల్ జాతిలో కొందరి కడుపులో మరొక దీర్ఘాయువు జీవి నివసిస్తుంది. మోసే వ్యక్తి చనిపోతే ఆ జీవిని కొత్త వ్యక్తిలోకి మారుస్తారు, జ్ఞాపకాలు కూడా వెంట వెళతాయి. 30 ఏళ్ల కిందట, డాక్స్ అనే అటువంటి జీవిని అంతకుముందు మోసిన కర్జన్ దేశద్రోహం చేసి ఒక సేనాధిపతి చావుకు కారకుడయ్యాడని ఆరోపిస్తూ, ప్రస్తుతం ఆ జీవిని మోస్తున్న జాడ్జియాను తమకు అప్పగించమని ఆ సేనాధిపతి కొడుకు వస్తాడు. విచారణ కేవలం అప్పగింత గురించి; అది జరిగేది బజోరన్లు అనే మరో జాతి చట్టం కింద, నూరేళ్ల వయసున్న ఒక ముక్కుసూటి న్యాయాధికారిణి ఎదుట. జ్ఞాపకమే వ్యక్తి అనుకుంటే ఆమె దోషి, నిర్ణయం తీసుకున్న మనసే వ్యక్తి అనుకుంటే ఆ మనసు కర్జన్‌తోపాటే పోయింది. ఈ రెండింటి మధ్య వాదన చాలా బాగా సాగుతుంది.

తీరా తీర్పు రావలసిన సమయానికి, నేరం జరిగిన వేళ కర్జన్ ఆ సేనాధిపతి భార్యతో ఉన్నాడని తేలి, ఆరోపణే వీగిపోతుంది. చూసిన ప్రతిసారీ నాకు ఇది మోసపోయినట్టుగానే ఉంటుంది. ఇంత మంచి ప్రశ్న వేసి, జవాబు చెప్పవలసిన అవసరం లేకుండా తప్పించుకున్నారు. పైన చెప్పిన ‘డాక్టర్ హూ’ విచారణలో ఇదే చిక్కు తిరగబడి కనిపిస్తుంది: అక్కడ ప్రాసిక్యూటరే ముద్దాయి భవిష్యత్తులోని చీకటి రూపమని బయటపడుతుంది. అంటే తనమీద తానే నేరం మోపి, గెలిస్తే తన ఆయువునే ఫీజుగా పుచ్చుకోవడానికి సిద్ధపడ్డాడు.

ప్రశ్న: గ్రహాంతర జీవిని మనిషి చంపితే అది హత్యా, లేక జంతువును చంపడమా? దీనిని కోర్టు ఎలా నిర్ణయిస్తుంది?

జవాబు: ఈ విషయం మీద ఒక్కటే చదవడానికి సమయం ఉంటే హెచ్. బీమ్ పైపర్ 1962లో రాసిన ‘లిటిల్ ఫజ్జీ’ చదవండి. జరత్రుష్ట్ర అనే గ్రహం మొత్తం ఒక కంపెనీ సొంతం. కానీ తెలివిగల స్థానిక జాతి ఏదీ అక్కడ లేదన్న షరతు మీదనే వాళ్ల హక్కుపత్రం చెల్లుతుంది. రత్నాల కోసం ఒంటరిగా తిరిగే జాక్ హాలోవే ఇంటికి బంగారు బొచ్చుతో చిన్న ప్రాణులు వచ్చి చేరతాయి, పనిముట్లు తయారు చేస్తాయి, అతనితో కలిసిపోతాయి. కంపెనీ ఉద్యోగి ఒకడు వాటిలో ఒకదానిని కాలితో తన్ని చంపుతాడు. ఆ గొడవలో తుపాకి తీయబోయిన అతని అంగరక్షకుణ్ణి హాలోవే కాల్చివేస్తాడు. కోర్టు ముందు ఇప్పుడు రెండు హత్యకేసులు. చనిపోయిన ఫజ్జీ తెలివిగల జీవి అయితే మొదటిది హత్య, హాలోవే ఒక హత్యను అడ్డుకోబోయిన మనిషి. కాకపోతే మొదటిది నేరమే కాదు, హాలోవే పరిస్థితి ప్రమాదకరం. కంపెనీ ఆస్తి అంతా కూడా ఈ ఒక్క మాట మీదే వేలాడుతుంది.

మాట్లాడగలిగి, నిప్పు రాజేయగలిగితే తెలివిగల జాతి అన్నది అందులో వాడుకలో ఉన్న కొలబద్ద. ఫజ్జీలు నిప్పు చేయవు, ‘యీక్’ అనే కూత తప్ప మాట వినిపించదు. చివరకు తేలేది ఏమిటంటే, అవి నిరంతరం మాట్లాడుకుంటూనే ఉన్నాయి, మనిషి చెవికి అందని ఎత్తైన స్వరంలో. లోపం ఫజ్జీల్లో కాక న్యాయమూర్తి చెవిలో ఉంది. ఇదంతా పైపర్ ఎక్కడా ఉపన్యాసంలా చెప్పకుండా, సాక్షి తరువాత సాక్షిని పిలిచి, వాదప్రతివాదాల్లోనే నడిపించాడు. సాక్షి అబద్ధమాడితే నీలం నుంచి ఎరుపుకు మారే గోళం కూడా ఆ కోర్టులో ఉంటుంది. తెలివి అంటే ఏమిటో నిర్వచించడంలో మాత్రం ఆ గోళం ఎవరికీ సాయపడదు. అంతకు పదేళ్ల ముందే, 1952లో, ఫ్రెంచి రచయిత వెర్కోర్ ఇదే చిక్కును మనిషికీ కోతికీ మధ్యనున్న ఊహాజాతితో నవలగా రాశాడు. అది గ్రహాంతర కథ కాదు గనుక ఇక్కడితో వదిలేస్తాను.

దీనికి వెనుకవైపు నుంచి చూపు 1986 నాటి ఆర్సన్ స్కాట్ కార్డ్ నవల ‘స్పీకర్ ఫర్ ది డెడ్’లో ఉంది. లుసిటానియా గ్రహంలోని చిన్న జీవులు తమ స్నేహితుడైన మానవ శాస్త్రజ్ఞుణ్ణి బతికుండగానే చీల్చి చంపుతాయి. మానవ చట్టానికి అది ఘోరహత్య. వాళ్ల జాతిలో మాత్రం అలా చనిపోయిన ప్రాణి చెట్టుగా మారి తరువాతి జీవితం మొదలుపెడుతుంది, కాబట్టి అది వాళ్లు ఇవ్వగలిగిన అతి పెద్ద గౌరవం. ఒకే పని, రెండు శరీరధర్మాలు. తప్పు ఎవరిదో తేల్చే పనికి నవల పూనుకోదు. ఇకపై ఎవరు ఎవరిని ఎలా చూడాలో రెండు జాతులూ కూర్చుని ఒడంబడిక రాసుకుంటాయి. ఆ జీవులకు వ్యవసాయం నేర్పిన ఇద్దరు యువ శాస్త్రజ్ఞులను విచారణ కోసం 22 కాంతి సంవత్సరాల దూరంలోని గ్రహానికి పంపమని పాలకులు ఆదేశించడం నన్ను ఇంకా ఎక్కువగా వెంటాడుతుంది. నిర్దోషులుగా తేలి తిరిగి వచ్చేలోగా ఇక్కడ వాళ్లను ఎరిగినవాళ్లు ముసలివాళ్లవుతారు. ప్రయాణమే శిక్ష అయిపోయాక తీర్పుకు మిగిలే విలువ ఎంత?

ప్రశ్న: శిక్షల విషయంలో ఈ కథలు కొత్తగా ఏమైనా ఊహించాయా?

జవాబు: ఊహించాయి, ముఖ్యంగా కాలంతో ఆడుకోవడంలో. ‘డీప్ స్పేస్ నైన్’లో 1996 నాటి ‘హార్డ్ టైమ్’ భాగంలో అర్గ్రాతీలు అనే జాతి వారు ఖైదీని జైలులో పెట్టరు. కొద్ది గంటల్లో అతని మెదడులోకి 20 ఏళ్ల జైలు జ్ఞాపకాన్ని ఎక్కించి వదిలేస్తారు. పాపం, ఇక్కడా ముద్దాయి ఆ ఓబ్రయనే. అతని స్నేహితులు సంగతి తెలిసి వచ్చేసరికి శిక్ష ముగిసిపోయింది. జైలు ఖర్చు లేదు, అప్పీలుకు వ్యవధి కూడా లేదు. తప్పుడు తీర్పును సరిదిద్దడానికి శిక్ష నెమ్మదిగా సాగడం కూడా ఒక రక్షణేనని ఆ కథ చూసేదాకా నేను ఆలోచించలేదు. పైగా ఆ కల్పిత జైలులో తోటి ఖైదీని చంపినట్టు అతనికి జ్ఞాపకం. జరగని హత్యకు నిజమైన పశ్చాత్తాపంతో కుమిలిపోతాడు.

‘వాయేజర్’లో 1995 నాటి ‘ఎక్స్ పోస్ట్ ఫాక్టో’ భాగంలో హంతకుడు ప్రతి 14 గంటలకూ హతుడి ఆఖరి క్షణాలను హతుడి కళ్లతోనే చూడాలి. ఆ శిక్షలోనే నిర్దోషిత్వానికి రుజువు దొరుకుతుంది: జ్ఞాపకంలో కనిపించిన హంతకుడి ఎత్తు, ముద్దాయి ఎత్తుతో సరిపోదు.

ప్రశ్న: కథలు అటుంచండి. నిజంగా ఒక గ్రహాంతరవాసి భూమి మీద నేరం చేస్తే ఏ కోర్టు విచారిస్తుంది?

జవాబు: అందుకోసం రాసిన చట్టం లేదు. 1967 అక్టోబరు 10న అమలులోకి వచ్చిన అంతరిక్ష ఒప్పందంలోని 8వ అధికరణం ప్రకారం, అంతరిక్షంలోకి పంపిన నౌక ఏ దేశపు రిజిస్టరులో ఉంటే, ఆ నౌక మీదా అందులోని సిబ్బంది మీదా ఆ దేశానికే అధికారం. బయటినుంచి వచ్చిన నౌక ఎవరి రిజిస్టరులోనూ ఉండదు. 1961 నాటి వియన్నా ఒప్పందం ఇచ్చే దౌత్య రక్షణ కూడా పరస్పర అంగీకారంతో సంబంధాలు ఏర్పరచుకున్న దేశాల ప్రతినిధులకే. కాబట్టి నేరం ఏ నేల మీద జరిగితే ఆ నేల చట్టమే వర్తిస్తుందన్న పాత సూత్రమే మిగులుతుంది. రాబర్ట్ జె. సాయర్ 1997 నవల ‘ఇల్లీగల్ ఏలియన్’లో సరిగ్గా అదే చేశాడు: హత్యానేరం మీద టోసోక్ అనే గ్రహాంతర జాతివాడొకణ్ణి లాస్ ఏంజలిస్ కోర్టులో జ్యూరీ ఎదుట నిలబెట్టాడు. అయితే నేల చట్టం వర్తించడానికి ముందు, ఆ చట్టం దృష్టిలో ఆ జీవి ‘వ్యక్తి’ అని ఎవరో ఒకరు తేల్చాలి. వ్యక్తి కానిదాని మీద నేరం మోపడం కుదరదు, దానికి వకీలును పెట్టుకునే హక్కు కూడా ఉండదు. అంటే మొదటి వాయిదా నేరం గురించి కాక, ‘లిటిల్ ఫజ్జీ’లోని ఆ ప్రశ్న గురించే అవుతుంది.