ఫైబర్ ఎంత దూరం లాగొచ్చు?

చిరంజీవి సుధకు ఆశీస్సులు.

ఫైబర్ లింకు గరిష్ఠ దూరం ఎలా లెక్కకట్టాలని అడిగావు కదమ్మా. ఇక్కడ హద్దులు రెండు. దూరం పెరిగేకొద్దీ వెలుతురు తగ్గిపోతుంది, సిగ్నల్ చెదిరిపోతుంది. దేని వల్ల తక్కువ దూరం వస్తే అదే నీ దూరం. చాలామంది మొదటిదొక్కటే చూసి వదిలేస్తారు.

ఫైబర్ చివర తగిలించే, వెలుతురు పంపి అందుకునే మాడ్యూల్ డేటాషీట్‌లో పంపే పవర్ కనిష్ఠ అంకె తీసుకో, మామూలుగా వచ్చే అంకె కాదు. గిగాబిట్ ఎల్ఎక్స్ అనే రకం మాడ్యూల్‌కి సింగిల్ మోడ్ (వెలుతురు ఒకే దారిలో వెళ్లే ఫైబర్) మీద అది -11 డీబీఎం (వెలుతురు బలానికి కొలత), అవతలి రిసీవర్‌కి కనీసం -19 అందాలి. అంటే దారిలో తగ్గినా పర్వాలేదని చేతిలో ఉన్నది 8 డీబీ (డీబీ ఆ తగ్గుదలకి కొలత). దాన్ని ఫైబర్ తినే కిలోమీటరుకు 0.4 డీబీ చొప్పున భాగించి 20 కిలోమీటర్లు అనేయకు. నాలుగు కనెక్టర్ జతలకి 2 డీబీ, నాలుగు స్ప్లైసులకి (ఫైబర్ అతుకులకి) 0.4 పోతాయనుకో. మార్జిన్‌గా 3 పక్కన పెట్టు. మిగిలిన 2.6తో ఆరున్నర కిలోమీటర్లే వస్తాయి. ఆ మార్జిన్ దండగని ఎవరైనా అంటే వినకు. రేపు కేబుల్ తెగి అతికించినా, లేజర్ పాతబడినా ఆదుకునేది అదే. పైగా ఎల్ఎక్స్ ప్రమాణంలో రాసింది 5 కిలోమీటర్లే, ఎందుకంటే అందులో సిగ్నల్ చెదరడానికీ కొంత డీబీ కేటాయించారు. కాబట్టి 5 దగ్గరే ఆగు.

మల్టీమోడ్‌లో (వెలుతురు చాలా దారుల్లో వెళ్లే ఫైబర్‌లో) రెండో హద్దు, అంటే సిగ్నల్ చెదరడం, ఇంకా గట్టిది. 10 గిగాబిట్ ఎస్ఆర్ అనే తక్కువ దూరపు మాడ్యూల్‌కి ఓఎం3 మీద 300 మీటర్లు, ఓఎం4 మీద 400 (ఓఎం అంకెలు మల్టీమోడ్ ఫైబర్ రకాలు). ఆ 300 మీటర్లలో కేబుల్ తినేది సుమారు 1 డీబీ మాత్రమే, పవర్ ఇంకా మిగిలే ఉంటుంది. అయినా ముందుకు పోలేం. వెలుతురు రకరకాల దారుల్లో వెళ్లి కాస్త ముందూ వెనకా చేరుతుంది, బిట్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. పవర్ పెంచితే అది బాగుపడదు. పాత ఓఎం2 అయితే 82 మీటర్లు, ఓఎం1 అయితే 33. రెండూ నారింజ రంగులోనే ఉండొచ్చు, అందుకని రంగు చూసి కాకుండా తొడుగు మీది అక్షరాలు చదివి తేల్చుకో.

దూరం మ్యాప్ మీద కొలవకు. పైకెక్కే చోట్లు, మలుపులు, చుట్టి ఉంచిన మిగులు కేబుల్ అన్నీ కలుపుకో.

40 కిలోమీటర్ల దాకా పంపే ఈఆర్ రకం మాడ్యూల్‌ని దగ్గరి లింకుకి తగిలిస్తే రిసీవర్‌కి వెలుతురు ఎక్కువైపోతుంది. అక్కడ అటెన్యుయేటర్ (వెలుతురు తగ్గించే ముక్క) పెట్టించు. పని పూర్తయ్యాక పవర్ మీటర్‌తో చూసి నీ లెక్కతో పోల్చు. అర డీబీ తేడా పర్వాలేదు, రెండు దాకా ఉంటే కనెక్టర్లు తుడిపించి మళ్లీ కొలువు.

ఆశీస్సులతో,
బాబాయి