కోర్టు తీర్పులు ఉండగా ఎల్జీబీటీఐ (స్వలింగ, ద్విలింగ ఆకర్షణ గలవారు, ట్రాన్స్‌జెండర్, ఇంటర్‌సెక్స్) వ్యక్తుల హక్కుల కోసం ఎమ్మెల్యేలు, ఎంపీలు చేయగలిగేది ఏమైనా ఉందా?

చాలా ఉంది. ఇది మా ఇంటి సంగతి కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

మా చెల్లెలు ట్రాన్స్ మహిళ, అంటే పుట్టినప్పుడు మగబిడ్డ అని రాసినా మహిళగా బతుకుతున్న మనిషి. 2022లో గుర్తింపు ధ్రువపత్రం కోసం ఆమెతో కలిసి జిల్లా కార్యాలయానికి వెళ్లాను. గుమాస్తా లింగమార్పిడి ఆపరేషన్ కాగితాలు తెమ్మన్నారు. అప్పటి 2020 నిబంధనల ప్రకారం ట్రాన్స్‌జెండర్ ధ్రువపత్రానికి అఫిడవిట్ సరిపోయేది, వైద్య పరీక్ష అక్కర్లేకపోయేది. ఆ నిబంధన ప్రతిని చూపిస్తే పక్కకు నెట్టి, వరుసలో ఉన్నవారంతా వింటుండగా "ఇంతకీ ఆపరేషన్ అయిందా, లేదా?" అని అడిగారు. మా చెల్లెలు తల దించుకోలేదు. "అది మీకు చెప్పాలని చట్టంలో లేదండీ" అంది. దరఖాస్తు మాత్రం కదలలేదు.

మర్నాడు పొద్దున్నే ఎమ్మెల్యే ఇంటికి వెళ్లి, పింఛన్ల కోసం, రోడ్ల కోసం వచ్చినవారి మధ్య కూర్చున్నాం. ఆయన ఆ నిబంధన చదివి అక్కడి నుంచే ఫోను చేశారు. పని జరిగింది. "ఈ విషయం మీద నా దగ్గరకు వచ్చింది మీరే మొదటిసారి అమ్మా" అన్నారు. ఆ మాట నాకు నేటికీ మింగుడుపడదు. మా వంటి కుటుంబాలు నలుగురికీ భయపడి ఇంట్లో కూర్చుంటే నాయకుడికి ఎలా తెలుస్తుంది? అయినా ఎమ్మెల్యే ఫోను అందరికీ దొరకదు. ఏ జిల్లాలో ఎన్ని దరఖాస్తులు ఆగాయో సభలో మంత్రిని అడిగితే ప్రతి కార్యాలయమూ లెక్క చెప్పి తీరాలి. ఆ అధికారం సభ్యుడికి ఉంది, మనకు లేదు.

చట్టసభలు పట్టించుకోకపోతే ఏమవుతుందో హైదరాబాదే సాక్ష్యం. ఆడవేషంలో వీధిలో కనిపించిన హిజ్రాలను వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చన్న 1919 నాటి నిజాం చట్టాన్ని 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. అన్ని దశాబ్దాల్లో ఎన్ని శాసనసభలు వచ్చిపోలేదు! దాన్ని రద్దు చేయడానికి ఒక్క చిన్న బిల్లు చాలేది. గృహప్రవేశానికి హిజ్రాల దీవెన కావాలి, అద్దెకు ఇల్లడిగితే మాత్రం తలుపు మూస్తారు. సభల్లోనూ అదే తీరు.

పట్టించుకున్న సభ్యుడు ఒక్కడున్నా ఎంత తేడా వస్తుందో డీఎంకే ఎంపీ తిరుచ్చి శివ చూపించారు. ఆయన సొంతంగా పెట్టిన ట్రాన్స్‌జెండర్ హక్కుల బిల్లును 2015 ఏప్రిల్ 24న రాజ్యసభ ఆమోదించింది. ప్రైవేటు సభ్యుడి బిల్లు, అంటే మంత్రి కాని సభ్యుడు పెట్టిన బిల్లు, ఒక సభలో నెగ్గడం కొన్ని దశాబ్దాల్లో అదే మొదటిసారి. అది చట్టం కాలేదు కానీ, ఆ తర్వాత ప్రభుత్వం తన బిల్లు తేక తప్పలేదు.

అలా వచ్చిన 2019 చట్టంలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తిపై లైంగిక దాడికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు అని రాశారు. మహిళపై అత్యాచారానికి కనీస శిక్ష పదేళ్లు. ఈ తేడాను ఏ కోర్టూ రాయలేదు, ఎంపీలే ఆమోదించారు. మీ ఎంపీ ఈసారి ఊరికి వస్తే మా చెల్లెలి ప్రాణానికి ఆ ధర ఎవరు కట్టారో అడగండి.