హార్డ్, హార్డ్‌లీ: పడిన వాన, పడీ పడని వాన

ప్రశ్న: నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో మూడేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. వేరే ఉద్యోగానికి పెట్టుకున్న దరఖాస్తులో, కష్టపడి పనిచేశానని చెప్పడానికి ‘ఐ వర్క్‌డ్ హార్డ్‌లీ ఫర్ త్రీ ఇయర్స్’ అని రాస్తే ఇంటర్వ్యూలో నవ్వారు. ‘హార్డ్’ విశేషణం కదా, క్రియతో వాడేటప్పుడు ‘లీ’ చేర్చవద్దా?
— ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: మీ వాక్యం చదివినవారికి ‘మూడేళ్లూ పని చేసీ చేయనట్టు చేశాను’ అని మీరే ఒప్పుకున్నట్టు అనిపిస్తుంది; వారు నవ్వింది అందుకే. అయితే ఈ పొరపాటు తెలుగు అలవాటు నుంచి వచ్చింది. దెబ్బ గట్టిదైతే ‘గట్టిగా’ కొట్టాడంటాం. ‘గా’ చేర్చగానే మనకు క్రియావిశేషణం సిద్ధమవుతుంది. ‘స్లో’కు ‘లీ’ తగిలించి ‘స్లోలీ’ అనడం నేర్చుకున్నవాళ్లం ‘హార్డ్’ దగ్గర ఎందుకు ఆగుతాం?

అక్కడ ఆగాలి. ‘హార్డ్’ రూపం మారకుండానే రెండు పనులూ చేస్తుంది. ‘హార్డ్ స్టోన్’ అన్నప్పుడు రాయి గుణాన్ని చెప్పే విశేషణం; ‘వర్క్ హార్డ్’ అన్నప్పుడు పని ఎలా చేశారో చెప్పే క్రియావిశేషణం. ‘హార్డ్‌లీ’ కూడా క్రియావిశేషణమే కానీ, దాని అర్థం ‘దాదాపు లేనట్టే’.

అనంతపురం జిల్లావారికి దీన్ని వానతో చెబితే త్వరగా పట్టుబడుతుంది. ‘ఇట్ రెయిన్‌డ్ హార్డ్’ అంటే వాన దంచి కొట్టింది; ‘ఇట్ హార్డ్‌లీ రెయిన్‌డ్’ అంటే పడీ పడనట్టు పడింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానను నమ్ముకుని వేరుశనగ విత్తే చోట ఈ రెండు వాక్యాల తేడా వ్యాకరణంతో పోయేది కాదు. వాటి స్థానం కూడా గమనించండి: ‘హార్డ్’ క్రియ తర్వాత వచ్చింది, ‘హార్డ్‌లీ’ క్రియకు ముందు వచ్చింది.

ఈ ‘హార్డ్‌లీ’కి ఒకప్పుడు ‘కష్టం మీద’ అనే అర్థం ఉండేది. ధనవంతుడు పరలోక రాజ్యంలో ప్రవేశించడం ఎంత కష్టమో చెప్పే చోట 1611 నాటి ఇంగ్లీషు బైబిలు ఈ మాటనే వాడింది. కష్టం మీద జరిగేది అరుదుగా జరుగుతుంది కనుక, ఆ మాట క్రమంగా ‘జరగనట్టే’ అనే అర్థంలోకి జారింది. మనకూ ఇది కొత్త కాదు: ‘కష్టపడి పాసయ్యాడు’ అంటే మెచ్చుకోలు, ‘కష్టం మీద పాసయ్యాడు’ అంటే 35 మార్కుల దగ్గర గట్టెక్కాడని.

‘లేదు’ అనే భావం ‘హార్డ్‌లీ’లోనే ఇమిడి ఉంది కాబట్టి దాని పక్కన మళ్లీ ‘నాట్’ చేర్చకూడదు. ‘ఐ కాన్ట్ హార్డ్‌లీ హియర్’ తప్పు, ‘ఐ కెన్ హార్డ్‌లీ హియర్’ ఒప్పు. ‘లేట్, లేట్‌లీ’ జంటలోనూ ఇదే చిక్కు: మొదటిది ఆలస్యం, రెండవది ఈమధ్య కాలం. ‘ఫాస్ట్’కైతే ‘లీ’ రూపమే లేదు, మనవాళ్లు ‘ఫాస్ట్‌లీ’ అని ఎంత ధీమాగా అన్నా సరే.

మీరు ఇంకా అదే ఫ్యాక్టరీలో ఉన్నారు కనుక, మరో దరఖాస్తు పెట్టేటప్పుడు ‘ఐ హావ్ వర్క్‌డ్ హార్డ్ ఫర్ త్రీ ఇయర్స్’ అని రాయండి.