ఆ జాబితాలో అక్క పేరేదీ సారూ?

ఆదోని పక్క పల్లె నుంచి ఒక సారు ఉత్తరం రాశారు. 62 నిండి ఈమధ్యే రిటైరయ్యారు. ఉత్తరం నిండా కృతజ్ఞతే. మొదటి పోస్టింగులో బాడుగ తీసుకోకుండా గది ఇచ్చిన రైతు, పాఠం చెప్పడం నేర్పిన హెడ్‌మాస్టరు, దారిలో కనబడితే బండి ఆపి నమస్కారం పెట్టే పాత పిల్లలు. అందరినీ పిలిచి భోజనాలు పెట్టాలా, ఆ డబ్బుతో బడికి మంచినీళ్ల ఫిల్టరు కొనివ్వాలా అని ఆయన సందేహం.

రెండూ మంచివే సారూ. ఇంట్లో అనుకుని తేల్చుకోండి, దానికి నా సలహా అక్కర్లేదు.

నన్ను పట్టుకున్నది మూడో పేజీ. నాయన పోయాక మీ అక్క ఏటా సుగ్గికి, అంటే కోతల కాలంలో కూలికి వలస పోయి, గుంటూరు పక్క మిరపకాయలు కోసి తెచ్చిన డబ్బుతో మీరు టీచర్ ట్రైనింగు చదివారు. కిందే ఇంకో మాట: 'అక్క మాత్రం రాదు, పొలంలో ఎకరా అడిగినప్పటి నుంచి మాటల్లేవు.' మొగుడు పోయి, కోసిగిలో ఒంటరిగా మిగిలాక అడిగింది ఆమె.

సుగ్గి కాలంలో తరగతి సగం ఖాళీ అయ్యేదని, పిల్లల్ని ఆపడానికి ఇల్లిల్లూ తిరిగి తల్లిదండ్రుల కాళ్లావేళ్లా పడ్డానని రాశారు. గొప్ప పని, మనస్ఫూర్తిగా దండం పెడుతున్నాను. కానీ చేను గట్టున పట్టాల గుడిసెలో పడుకుని, మిరప ఘాటుకు చేతులు మండుతున్నా కోసిన ఆ పిల్లల్లో మీ అక్కా ఒకతె. ఆమెను బడికి పంపమని మీ ఇంటికి ఏ సారూ రాలేదు.

ఆడపిల్ల వాటా అడిగితే పుట్టింటి పరువు పోయిందనుకునే ఇళ్లు మన సీమలో చాలా ఉన్నాయి. నేను ఒప్పుకోను. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో ఉమ్మడి ఆస్తిలో పెళ్లయిన కూతురికీ కొడుకుతో సమానంగా హక్కుంది. తండ్రి అంతకుముందే పోయినా అది పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. మీ ఐదెకరాలు ఇంతవరకూ పంచుకోలేదని మీరే రాశారు. సగం రావలసిన మనిషి ఒక్క ఎకరా అడిగింది, కోర్టుకూ పోలేదు.

ఆదోనిలో రైలెక్కి కోసిగి పోండి. పెద్దమనుషులు వద్దు, చీరా సారే వద్దు. 'నీ వాటా నీకు రాసిస్తాను, ఎంత కావాలో చెప్పక్కా' అనండి. తిడితే కూర్చుని వినండి. మీ కొడుకు అడ్డం చెబితే, మీ ట్రైనింగు ఫీజు ఎవరు కట్టారో వాడికి చెప్పండి. ఇన్నేళ్లలో చెప్పి ఉండరు.

రిజిస్ట్రేషను అయ్యాకే భోజనాల తేదీ పెట్టుకోండి. అక్క వస్తే ముందు వరసలో కూర్చోబెట్టండి. రానంటే బలవంతం చేయొద్దు, పొలం మాత్రం రాసేయండి.