పంక్తిలో నీ కంచం ఎక్కడ?

చిన్నీ,

మొన్న ఫోన్లో సగం చెప్పి సగం మింగేశావు. మీ బడిలో మధ్యాహ్నం అన్నాలప్పుడు ఎస్సీ కాలనీ పిల్లలు వరండా చివర వేరే కూర్చుంటున్నారు. అడిగితే ‘వాళ్లే అలా కూర్చుంటారు మేడమ్, మనమేం చెప్పలేదు’ అన్నారు. డీఎస్సీలో ఉద్యోగం వచ్చి చేరి మూడు నెలలు కాలేదు, ఇప్పుడే నోరు విప్పితే స్టాఫంతా దూరం పెడతారేమోనని నీ బెంగ. ఆ బెంగకు లొంగినవాణ్ని గనకే రాస్తున్నా.

1984లో నా మొదటి పోస్టింగు. ఊళ్లో ఇంటిపేరు అడిగారు, చెప్పగానే గది దొరికింది. సాయంత్రం హెడ్మాస్టరుగారింటి నుంచి కూర గిన్నె వచ్చేది. బడిలో మంచినీళ్ల కుండను ఎస్సీ పల్లె పిల్లలు ముట్టకూడదు. ఎవరైనా వంచి పోస్తే దోసిలి పట్టాలి. పోసేవాడు ఆటలో ఉంటే దాహంతో నిలబడాలి. కొత్తవాణ్ని కదా, కుదురుకున్నాక చెబుదాం అనుకున్నాను. కుదురుకున్నాక అసలే చెప్పలేకపోయాను. తిన్న కూర గిన్నెలన్నీ అడ్డొచ్చాయి.

మరుసటేడు జూలై 17న కారంచేడు. మంచినీళ్ల చెరువు దగ్గర పెద్ద కులంవాళ్లు పశువుల బకెట్ కడుగుతుంటే మాదిగలు వద్దన్నందుకు మొదలైంది. ఆరుగురు మాదిగల్ని చంపారు. పేపర్లో వచ్చిన రోజు మా స్టాఫ్ రూములో డీఏ బకాయిల గురించి మాట్లాడుకున్నాం. ఆ కుండ పక్కనే ఉంది. దోసిలి పట్టే పిల్లల్లో ఒకడు ఆ ఏడే బడి మానేశాడు. ఎందుకని నేను వెళ్లి అడగలేదు.

కాబట్టి, ఇంకా కొత్తగా ఉన్నప్పుడే మొదలుపెట్టు. ఉపన్యాసం ఇవ్వకు. వంట రుచి చూసి రిజిస్టర్లో సంతకం పెట్టే పని టీచర్లదేగా, నీ వంతు రోజున కంచం పట్టుకుని వరండా చివరికి వెళ్లి ఆ పిల్లల మధ్య కూర్చుని తిను. మర్నాడూ అక్కడే కూర్చో. పిల్లలు టీచరమ్మ పక్కన చోటు కోసం కొట్టుకుంటారు, వరస దానంతటదే చెదురుతుంది. అన్ని ఊళ్లలో ఇంత తేలిగ్గా జరగదనుకో.

తర్వాత హెచ్ఎంతో మాట్లాడు, ఒంటరిగా. నలుగురి ముందు అంటే ఆయన పరువు కాపాడుకునే పనిలో పడతాడు. ‘సార్, తరగతుల వారీగా కూర్చోబెడదామా, భోజనాల లెక్కకీ సులువు’ అను. ఇది నటన కాదా అంటావు. కొంత నటనే. పిల్లలు కలిసి తినాలి నాకు, ఆయన పశ్చాత్తాపంతో పనిలేదు. కాదన్నాడా, అప్పుడు తేదీ వేసి కాగితం రాసివ్వు, ఒక కాపీ దగ్గర పెట్టుకో. ఆ తర్వాత ఎంఈఓ. అంటరానితనాన్ని నేరం చేసిన చట్టం 1955 నుంచీ ఉంది, కానీ మొదటి మాటలోనే దాన్ని తీయకు.

కాగితం రాసేముందు మాత్రం కాలనీకి వెళ్లు. ఆ తల్లుల్ని అడుగు. వాళ్లలో చాలామంది ఆ ఊరి పొలాల్లోనే కూలికి వెళ్తారు. నీకు మహా అయితే స్టాఫ్ రూములో టీ అందదు, వాళ్లకు పని పోతుంది. వాళ్లు ఆగమంటే ఆగు, కానీ పంక్తిలో నీ చోటు మార్చకు.

దూరం పెడతారా? పెడతారు. నువ్వు రాగానే మాటలు ఆగిపోతాయి, వాట్సాప్‌లో నువ్వు లేని ఇంకో గ్రూపు పుడుతుంది. బాధగానే ఉంటుంది. నా అనుభవంలో, అలాంటప్పుడే ఎవరో ఒకరు సైకిల్ స్టాండు దగ్గర ఆగి ‘మంచి పని చేశారు’ అని గొణిగి వెళ్లిపోతారు. ఆ మనిషిని పోగొట్టుకోకు.

ఇంకో మాట. మీ భోజన పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఆవిడ ఆకలితో వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టింది. ఆ పేరున్న బోర్డు కిందే రెండు వరసలు. బోర్డు ఎక్కడుందో చూసి, దాని కిందే కూర్చో.

పెద్దమ్మ ఆవకాయ సీసా పంపుతోంది. పంక్తి మొత్తానికి చాలదని రెండోది కూడా కట్టమన్నాను.

నీ పెదనాన్న