డాక్టర్ సలహా: ప్రయోగ దశలో ఉన్న మందు మా నాన్నకు ఇప్పించలేమా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా నాన్నగారికి 59 ఏళ్లు. మిర్చి యార్డులో గుమాస్తాగా చేసేవారు. ఏడాది కిందట చేతిలో పట్టు తప్పడం మొదలైంది. విజయవాడలో పరీక్షలు చేసి ఏఎల్‌ఎస్ (కండరాలను నడిపించే నరాలు క్రమంగా దెబ్బతినే జబ్బు) అన్నారు. రిలుజోల్ వాడుతున్నాం. ఇంట్లో నడుస్తున్నారు, మెత్తటి అన్నం తింటున్నారు. కొత్త మందులు ప్రయోగాల్లో ఉన్నాయట. ఎలాగూ నయం కాని జబ్బు, పోయేదేముంది? రిస్కు మేమే భరిస్తామంటే అనుమతికి ఇన్నేళ్లు ఎందుకు?
– ఓ పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, మీ ఆవేదనలో న్యాయం ఉంది. జలుబు మందుతో లివర్ దెబ్బతింటుందంటే ఎవరూ ఒప్పుకోరు. ఏఎల్‌ఎస్‌కు లెక్క వేరు. రిలుజోల్ సగటున ఆయుష్షును పెంచేది రెండు మూడు నెలలే, పైగా లివర్ పరీక్షలు చేయిస్తూ ఉండాలి. అయినా 1995లోనే అమెరికాలో అనుమతి వచ్చింది, మేమూ రాస్తున్నాం.

కానీ ‘పోయేదేముంది’ అనకండి. నాన్నగారు నడుస్తున్నారు, తింటున్నారు. అదంతా పోగొట్టుకోగలిగిందే. ఏఎల్‌ఎస్‌లో బరువు తగ్గడం చాలా చేటు. అలాంటప్పుడు విరేచనాలు, వికారం తెచ్చే మందు చిన్న రిస్కేమీ కాదు.

రెలివ్రియో అనే పొడి మందు సంగతి చెబుతాను. 137 మందితో చేసిన ప్రయోగంలో జబ్బు కాస్త నెమ్మదించినట్టు కనిపించింది. 2022 మార్చిలో అమెరికా నిపుణుల కమిటీ ఆ ఆధారం చాలదని 6–4తో తేల్చింది. రోగులు, వాళ్ల కుటుంబాలు మీలాగే వేడుకున్నారు. సెప్టెంబరులో అదే కమిటీ 7–2తో సరేనంది, అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. ధర ఏడాదికి కోటి రూపాయల పైమాటే. 2024లో పెద్ద ప్రయోగం ఫలితం వచ్చింది. ప్లాసిబో, అంటే ఉత్తుత్తి మందు, తీసుకున్నవాళ్లకూ అసలు మందు తీసుకున్నవాళ్లకూ తేడా లేదు. కంపెనీయే మందును వెనక్కి తీసుకుంది. ఆ అనుమతిని నేను తప్పుపట్టను. అయితే పెద్ద ప్రయోగాన్ని మధ్యలో ఆపేసి ఉంటే, ఆ చేదు పొడి కోసం జనం ఇంకా ఆస్తులమ్ముకుంటూనే ఉండేవాళ్లు.

ప్రయోగంలో చేరాలనుకుంటే అది సీటీఆర్‌ఐ (మన దేశంలో మందుల ప్రయోగాలను నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) వెబ్‌సైట్లో నమోదైందో లేదో చూడండి. అంగీకార పత్రం తెలుగులో ఇమ్మనండి. మందు వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని మన దేశంలో మందుల ప్రయోగాలపై ఉన్న 2019 నిబంధనలు చెబుతున్నాయి. నాన్నగారికి ప్లాసిబో రావచ్చు, దానికీ సిద్ధపడాలి. స్టెమ్ సెల్స్ ఎక్కిస్తాం, లక్షలు కట్టండి అనే చోటుకు మాత్రం వెళ్లకండి. ఏఎల్‌ఎస్‌కు వాటిని ప్రయోగాల్లో తప్ప వాడకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలున్నాయి.

అన్నిటికన్నా ముందు నాన్నగారిని అడగండి. ‘మేమే భరిస్తాం’ అని మీరు రాశారు, భరించాల్సింది ఆయన శరీరం. ప్రయోగం కోసం నెలనెలా దూరం ప్రయాణం చేయడం ఆయనకు ఇష్టమేనా?

ఎస్‌ఓడీ1 జన్యు లోపం ఉన్న కొద్దిమందికి టోఫెర్సెన్ అనే ఇంజెక్షన్‌ను 2023లో అమెరికాలో అనుమతించారు. ఆ జన్యు పరీక్ష గురించి మీ న్యూరాలజిస్టుతో మాట్లాడండి. ఊపిరి పరీక్ష కూడా ఆలస్యం చేయొద్దు. వెల్లకిలా పడుకుంటే ఆయాసం, పొద్దున్నే తలనొప్పి ఉంటే మాస్కు ద్వారా ఊపిరికి సాయం చేసే బైపాప్ మెషిన్ అవసరం పడొచ్చు. దాంతో ఆయుష్షు పెరుగుతుందని రుజువైంది. వారానికోసారి ఒకే కాటా మీద బరువు చూసి రాసిపెట్టండి, తగ్గుతుంటే వెంటనే చూపించండి.